చెరువు అంచు ఎక్కడ? డ్రోన్ మ్యాప్ తప్పిన ఒక పని, కేస్ స్టడీ

ఇది 2022లో మా చేతుల మీద జరిగిన పని. ఊరి పేరు, చెరువు పేరు, పని ఇచ్చిన ఆఫీసు పేరు, రైతుల పేర్లు ఏవీ రాయట్లేదు, సర్వే నంబర్లు కూడా తీసేసినాను. తిరుపతి నించి చిత్తూరు పోయే దారికి అటూ ఇటూ ఉండే చెరువుల్లో ఒకటి అనుకోండి చాలు. ఎందుకు రాస్తున్నానంటే ఆ రోజు మేం చేసిన తప్పు ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు, మంచి డ్రోన్లు, మంచి సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నోళ్లు కూడా చేస్తున్నారు, ఆ తప్పు పట్టుకునే దారి మాత్రం పైసా ఖర్చు లేనిది, అది తెలిసుంటే మాకు నాలుగు నెలలు మిగిలేవి, 23 మంది రైతులకి నిద్ర మిగిలేది.

నేను తిరుపతిలో చిన్న సర్వే ఆఫీసు నడుపుతాను, అప్పట్లో నాతో కలిపి నలుగురం.

నేపథ్యం

2021 నవంబర్ వానలు ఇక్కడోళ్లు ఎవరూ మర్చిపోలేరు. 18, 19 తేదీల్లో తిరుపతి వీధులు వాగులైనాయి, స్వర్ణముఖి పొంగింది, ఆ వెంటనే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకి లీకు పడితే కింది ఊళ్లు ఖాళీ చేయించినారు. ఆ తర్వాత ఏ చెరువు దగ్గరికి పోయినా ఒకటే ప్రశ్న, ఇది నిండితే నీళ్లు ఎంత దాకా వస్తాయి, కట్ట మీద ఎంత బరువు పడుతుంది అని.

మా చెరువు పెద్దదేం కాదు. కట్ట కిలోమీటరు పైచిలుకు, నిండితే 120 ఎకరాల నీళ్లు, ఒక చివర 34 మీటర్ల పొడవున్న పాత రాతి మరవ, అంటే చెరువు నిండినాక నీళ్లు పొంగి పోయే అలుగు. కట్ట కింద ఊరు, ఆయకట్టు. కట్టకి ఎదురుగా, నీళ్లు పలచబడే ఎగువ వైపు, పోరంబోకు అయిపోయిన చోట నించి పట్టా కయ్యలు మొదలవుతాయి, వరి, శనక్కాయ, కొంచెం పైన తోతాపురి మామిడి. మాకిచ్చిన పని మూడు ముక్కలు: చెరువు నిండు మట్టం, అంటే ఎఫ్‌టీఎల్, నేల మీద ఎక్కడ తగులుతుందో గీత గీయాలి, ఏ మట్టానికి ఎన్ని నీళ్లో పట్టిక ఇవ్వాలి, గీత మీద రాళ్లు నాటడానికి గుర్తులు పెట్టాలి.

ఈ పని మా లాంటి చిన్న ఆఫీసుకి దొరకడమే ఒక విషయం. నేను ఈ ఫీల్డులోకి వచ్చినప్పుడు ఎత్తులు కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్ తీసేవాళ్లం, దాంట్లో కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు, ఈ చెరువు మొత్తం రెండు కాంటూర్ల సందులో పడిపోతుంది, అంటే చెరువు లోతు గురించి ఆ షీట్ ఒక్క మాట కూడా చెప్పదు. ఏరియల్ ఫోటోలు కావాలంటే రక్షణ శాఖ అనుమతి దాకా పోవాల. 2005 మే 5న శ్రీహరికోట నించి కార్టోశాట్-1 పోయినప్పుడు (అప్పుడది నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నించి మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది) మాకు అదొక పండగ. ఒకే శాటిలైట్‌లో రెండు కెమెరాలు, ఒకటి 26 డిగ్రీలు ముందుకి వంగి, ఇంకోటి 5 డిగ్రీలు వెనక్కి వంగి, ఒకే నేలని రెండు కోణాల నించి చూస్తాయి, మన రెండు కళ్లు దూరం పసిగట్టినట్టే ఆ రెండు ఫోటోల తేడాలో నించి ఎత్తు బయటికి వస్తుంది. మొత్తం దేశానికి దాంతోనే ఎత్తుల మ్యాప్ తయారైంది, కార్టోడెమ్ అని, ఇస్రో వాళ్ల భువన్ సైట్లో ఎవరైనా దించుకోవచ్చు. 2021 ఫిబ్రవరిలో జియోస్పేషియల్ గైడ్‌లైన్స్ వచ్చి మన దేశపోళ్లు మ్యాపులు చేసుకోడానికి ముందస్తు అనుమతుల బాధ తీసేసినాయి, అదే ఏడు ఆగస్టులో డ్రోన్ రూల్స్ వచ్చినాయి. ఈ రెండూ రాకపోయుంటే ఈ చెరువు మీద మేం డ్రోన్ ఎగరేసేవాళ్లమే కాదు. ఆ స్వేచ్ఛకి తగ్గ జాగ్రత్త మా దగ్గర ఉందా అన్నదే ఈ కేసులో తేలింది.

మొదటి నిర్ణయాలు

కార్టోడెమ్ ముందే పక్కన పెట్టినాం. దాంట్లో 30 మీటర్లకొక ఎత్తు ఉంటుంది, ఎత్తులో తప్పు 8 మీటర్ల దాకా పోవచ్చని వాళ్లే చెప్తారు. మా చెరువు అత్యంత లోతు 4 మీటర్లు. పెద్ద నదీ పరీవాహకానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది గానీ ఒక ఊరి చెరువుకి కాదు.

కాబట్టి డ్రోన్. 2022 జనవరి మూడో వారంలో ఎగరేసినాం. ఆ ఏరియా గ్రీన్ జోన్, 120 మీటర్ల దాకా పోవచ్చు, మేం 100 మీటర్లకి పెట్టుకున్నాం, ఆ ఎత్తులో మా కెమెరాకి ఒక్కో పిక్సెల్ నేల మీద 2.7 సెంటీమీటర్లు. ముందు వెనక ఫోటోల మధ్య 80 శాతం, పక్క వరసల మధ్య 70 శాతం ఓవర్‌ల్యాప్, చెరువూ చుట్టుపక్కలా కలిపి సుమారు 350 ఎకరాలు, 1,600 ఫోటోలు. డ్రోన్‌లో ఆర్‌టీకే, అంటే తను ఎక్కడుందో సెంటీమీటర్లలో పట్టే జీపీఎస్, లేదు, అందుకని నేల మీద కంట్రోల్ పాయింట్లు, మేం జీసీపీలు అంటాం, పెట్టి వాటిని రోవర్‌తో, అంటే చేత్తో పట్టుకోని తిరిగే కచ్చితమైన జీపీఎస్‌తో, కొలిచినాం. ఆరు పెట్టినాం. నాలుగు కట్ట మీద, ఒకటి మరవ పక్కన, ఒకటి ఊరి రోడ్డు కల్వర్టు మీద.

ఆరూ ఒకే వైపు. ఎగువ వైపు ఒక్కటీ లేదు. ఎందుకంటే అప్పటికి చెరువులో నీళ్లు నిండు మట్టానికి 60 సెంటీమీటర్లే కింద ఉన్నాయి, ఎగువ అంచంతా మోకాల్లోతు బురద, దాని వెనక సర్కారు తుమ్మ కంప మనిషి దూరనంత దట్టంగా ఉంది. ఆరోజు నేనే అన్నాను, పర్లేదులే, ఓవర్‌ల్యాప్ బాగుంది కదా, సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది అని. ఆ మాట మీద నేను చాలాసార్లు ఆలోచించినాను. ఫోటోలన్నీ కలిపి నేల ఎత్తుల మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో జీసీపీల తప్పు 2 సెంటీమీటర్లని వచ్చింది, చూసి సంతోషపడినాం. కానీ ఆ 2 సెంటీమీటర్లు ఏంటంటే, ఏ పాయింట్లకి మోడల్‌ని అతికించినామో అదే పాయింట్ల దగ్గర ఎంత బాగా అతుక్కుందో చెప్పే లెక్క. అవి లేని చోట ఎట్టుందో దానికి తెలీదు. దానికోసం లెక్కలో వాడని పాయింట్లు, చెక్ పాయింట్లు, వేరే ఉంచుకోవాల. మేం ఒక్కటీ ఉంచుకోలేదు.

సమస్య బయటపడింది

ఫిబ్రవరిలో గీత గీసి, నేల మీద సున్నం గుర్తులు పెడతా పోయినాం. కట్ట వైపు ఎవరూ ఏమనలేదు. ఎగువ వైపుకి పోయేసరికి జనం పోగైనారు. మా గీత ప్రకారం 900 మీటర్ల పొడవునా పట్టా భూముల్లోకి, కొన్ని చోట్ల 100 మీటర్ల పైన, నిండు మట్టం చొచ్చుకొచ్చింది. మొత్తం 16 ఎకరాలు, 23 మంది రైతులు. చెరువు లోపల అని గీత పడితే రేపు లోన్ దగ్గర నించి పంట నష్టం దాకా అన్నిటికీ అడ్డమే, వాళ్ల భయంలో అతి ఏమీ లేదు.

వాళ్లు చెప్పిందల్లా ఒకటే. నవంబర్‌లో మూడు రోజులు మరవ పోయింది, చెరువు అంతకంటే నిండదు, అప్పుడు కూడా నీళ్లు ఇంత దూరం రాలేదు అని. ఒక పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకోని తీసుకుపోయి కానుగ చెట్టు ఒకటి చూపించినాడు, "ఆ పొద్దు నీళ్లు ఈ చెట్టు మొదుట్లోకి వొచ్చినాయి, ఈడే ఆగిపోయినాయి. నీళ్లకే తెలీని హద్దు మీ కంప్యూటర్‌కి ఎట్ట తెలిసింది నైనా?" అన్నాడు. ఆ చెట్టు మా గీతకి దాదాపు 100 మీటర్లు లోపల ఉంది.

నేను అప్పుడు ఆయన్ని నమ్మలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. భూమి పోతుందంటే ఎవరైనా అట్లే చెప్తారు, మా దగ్గర 2.7 సెంటీమీటర్ల ఫోటో ఉంది అనుకున్నాను. అయినా ఇంతమంది ఒకే మాట చెప్తున్నప్పుడు ఊరికే దాటేసి పోలేం, పని ఆపి ఆఫీసుకి వచ్చి వెతకడం మొదలుపెట్టినాం.

వెతికినవీ, తేలనివీ

మొదటి అనుమానం జియాయిడ్ మీద, అంటే సముద్ర మట్టాన్ని నేల కింద కూడా సాగదీస్తే వచ్చే ఊహా ఆకారం మీద. రోవర్ చూపించే ఎత్తు భూమిని ఒక నున్నటి గుడ్డు ఆకారంగా ఊహించుకోని దాని మీద నించి కొలిచింది, సముద్ర మట్టం నించి కాదు. మన దక్షిణాదిలో ఈ రెంటికీ తేడా చాలా ఎక్కువ, శ్రీలంకకి దక్షిణాన సముద్రంలో ప్రపంచంలోనే అతి పెద్ద జియాయిడ్ గుంట ఉంది, అక్కడ తేడా 100 మీటర్ల పైమాటే, మన తిరుపతి దగ్గర సుమారు 90 మీటర్లు. రేణిగుంట ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి వంద మీటర్ల పైన ఉంటే రోవర్‌లో మాత్రం ఇరవై మీటర్లకి అటూ ఇటూగానే కనిపిస్తుంది, కొత్తగా చేరిన పిల్లోళ్లు ఇది చూసి ఇన్‌స్ట్రుమెంట్ చెడిపోయిందనుకుంటారు. లెక్కలన్నీ మళ్లీ చూసినాం. తప్పేం లేదు. ఒకవేళ ఉన్నా, జియాయిడ్ తప్పు చెరువు మొత్తాన్నీ ఒకేలా పైకో కిందకో జరుపుతుంది, ఒకటిన్నర కిలోమీటరులో దాని తేడా కొద్ది సెంటీమీటర్లే. కట్ట వైపు సరిగ్గా ఉండి ఎగువ వైపు మాత్రమే చెడిపోవడానికి అది కారణం కాలేదు.

రెండోది కంప. డ్రోన్ ఫోటో నేలని చూడదు, చెట్టు తలని చూస్తుంది, కాబట్టి కంప ఉన్న చోట మా మోడల్ ఎత్తుగా రావచ్చు. కానీ ఎత్తుగా వస్తే నిండు మట్టం గీత చెరువు లోపలికి జరగాల, పొలాల్లోకి కాదు. మా తప్పు దానికి ఉల్టా. ఇక్కడ ఒక రోజు పూర్తిగా పోయింది, కంపని సాఫ్ట్‌వేర్‌లో తీసేసి మళ్లీ గీస్తే గీత పొలాల్లోకి ఇంకా పది మీటర్లు పోయింది.

మూడోసారి సెట్టింగులు మార్చి, వేరే సాఫ్ట్‌వేర్‌లో కూడా మొదటి నించి నడిపినాం. గీత అటూ ఇటూగా అక్కడే వచ్చింది. అది చూసి నేను మా మ్యాపే కరెక్టని ఇంకా గట్టిగా అనుకున్నాను. అదే ఫోటోలు, అవే ఆరు జీసీపీలు పెట్టి ఎన్నిసార్లు నడిపినా అదే జవాబు రాక ఏమొస్తుంది.

నీటి అంచు

దారి చూపించింది మా ఆఫీసులో చేరి ఏడాది కూడా కాని అమ్మాయి. ఒక సాయంత్రం ఫోటో ముందర కూర్చోని, "సార్, ఎగరేసిన రోజు చెరువులో నీళ్లు ఉన్నాయి కదా, నీటి అంచు ఎత్తు చుట్టూరా ఒకటే రావాలి కదా" అనింది.

ఇంత చిన్న మాట. చెరువు అంటేనే 120 ఎకరాల రసమట్టం. గాలికి చిన్న చెరువులో నీళ్లు వంగేది లెక్కలోకి కూడా రాదు. అదే రాత్రి నీటి అంచు చుట్టూ నలభై చోట్ల మోడల్ నించి ఎత్తులు తీసినాం, కంప లేని చోట్లే ఎంచుకున్నాం. కట్ట దగ్గర అంచుని సున్నా అనుకుంటే పక్కల్లో 15 సెంటీమీటర్లు కింద, ఎగువ అంచులో 42 సెంటీమీటర్లు కింద. నీళ్లు వంగవు, వంగింది మా మోడల్.

42 సెంటీమీటర్లు అంటే ఏం పెద్ద అనిపిస్తుంది. కానీ ఎగువ వైపు నేల వాలు 250కి 1, అంటే 250 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు. 42 సెంటీమీటర్ల తప్పు నేల మీద 105 మీటర్లు. పెద్దాయన చూపించిన కానుగ చెట్టుకీ మా గీతకీ మధ్య దూరం సరిగ్గా అంతే ఉంది. చెరువుల పనిలో ఎత్తు తప్పుని వాలుతో భాగించి చూసుకోనిదే అది చిన్నదో పెద్దదో తెలీదు. కట్ట దగ్గర అదే 42 సెంటీమీటర్లు గీతని ఒక మీటరు కూడా కదిలించవు, అందుకే అక్కడ ఎవరూ ఏమనలేదు.

ఎందుకు వంగింది? సాఫ్ట్‌వేర్ నేల ఆకారం ఒక్కటే కాదు, కెమెరా లెన్స్ లక్షణాలని కూడా అవే ఫోటోల్లో నించి తనే లెక్క కట్టుకుంటుంది. అన్ని ఫోటోలూ ఒకే ఎత్తు నించి, నిట్టనిలువుగా కిందికి చూస్తా తీసినవే అయితే లెన్స్ వంపు ఎంతో, నేల వంపు ఎంతో విడదీయడం దానికి కష్టం, లెన్స్‌లో మిగిలిన చిన్న తప్పు నేలలోకి పోయి మొత్తం మోడల్ బోర్లించిన గిన్నె లాగా వంగుతుంది. చుట్టూ జీసీపీలు ఉంటే అవి పట్టి ఉంచుతాయి. మావన్నీ ఒక వైపే, రెండో వైపు గాలికి వదిలేసినట్టే. దానికి తోడు మధ్యలో నీళ్లు. నీళ్ల మీద ఫోటోకీ ఫోటోకీ కలిసే గుర్తులు దొరకవు, అల కదుల్తుంది, ఎండ మెరుస్తుంది, కాబట్టి కట్ట వైపు ఫోటోలకీ ఎగువ వైపు ఫోటోలకీ మధ్య పట్టు చెరువు పక్కల నించి పోయే సన్నటి దారే. గుడ్డని ఒక అంచున మేకులు కొట్టి రెండో అంచుని రెండు దారాలతో వేలాడదీసినట్టు.

శాటిలైట్ ఏం చెప్పింది

అప్పటికి నాకు మా మోడల్ తప్పని తెలిసిపోయింది, కానీ రైతుల మాట ఎంతవరకు నిజమో వేరే సాక్ష్యం కావాలనిపించింది. నవంబర్ చివర్లో చెరువు మరవ పోతున్నప్పటి శాటిలైట్ ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి. సెంటినెల్-1 అనే శాటిలైట్‌ది రాడార్, అది మబ్బుల్లో నించి కూడా చూస్తుంది, నున్నటి నీళ్లు నల్లగా పడతాయి. సెంటినెల్-2 మామూలు కెమెరా లాంటిది, మబ్బు లేని రోజు చూసుకోవాల, ఆకుపచ్చ బ్యాండునీ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండునీ పోల్చితే నీళ్లు విడిపోతాయి. రెండూ 10 మీటర్ల పిక్సెల్. మా డ్రోన్ ఒక్క పిక్సెల్ పక్కన పెడితే వాటి పిక్సెల్ ఒక ఇల్లంత.

ఆ ముతక ఫోటోలో నీటి అంచు కానుగ చెట్టుకి ఒకటి రెండు పిక్సెళ్ల తేడాలో ఉంది. మా గీత పది పిక్సెళ్లు బయట ఉంది.

దీనికి కారణం ఉంది. శాటిలైట్‌ని మేం ఎత్తు అడగలేదు, నీళ్లు ఎక్కడ ఆగినాయని మాత్రమే అడిగినాం. మరవ పోతున్న రోజు నీళ్లే స్వయంగా చెరువు చుట్టూ లెవెల్ పట్టినాయి, ఫోటో దాన్ని గుర్తు పెట్టుకుంది అంతే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి, కంపలో నీళ్లు నిలిచిన చోట రాడార్ నల్లగా చూపించదు, కాండానికీ నీళ్లకీ తగిలి వెనక్కి వచ్చిన సిగ్నల్ వల్ల తెల్లగా మెరుస్తుంది, అది పొడి నేల అనుకుంటే గీత లోపలికి జారిపోతుంది. మేం మొదట అట్లే జార్చుకున్నాం, రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టినాక సరిచేసుకున్నాం.

అతుకు వేయబోయి విఫలమైంది

ఇప్పుడు రెండు దారులు. పాత మోడల్‌నే నీటి అంచు ఆధారంగా సరిదిద్దడం, లేదా మళ్లీ ఎగరేయడం. మళ్లీ ఎగరేస్తే ఖర్చు మాదే, టైము కూడా లేదు. అందుకని ముందు అతుకు ప్రయత్నం చేసినాం, నీటి అంచులో నలభై పాయింట్ల ఎత్తు ఒకటే కావాలని బలవంతం చేసి మోడల్‌ని పైకి వంచినాం. నీటి అంచు వరకు చక్కగా కుదిరింది. కానీ మాకు కావాల్సిన గీత నీటి అంచు కాదు, దానికి 60 సెంటీమీటర్లు పైన. బురద ఆరిన చోట అయిదు పాయింట్లు రోవర్‌తో కొలిచి చూస్తే ఇంకా 15 సెంటీమీటర్ల దాకా తేడా. మామూలు మ్యాపుకి పర్వాలేదు, ఇక్కడ అది 37 మీటర్లు, ఒక రైతు కయ్య మొత్తం.

ఆ రోజు నిర్ణయం తీసుకున్నాం. పని ఇచ్చిన ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పినాను, మేం ఇచ్చిన గీత వెనక్కి తీసుకుంటున్నాం, ఎగువ వైపు తప్పుంది, నీళ్లు తగ్గినాక మా ఖర్చుతో మళ్లీ చేస్తాం అని. రాయడానికి చెయ్యి బరువైంది. కానీ ఒకసారి గీత రికార్డులోకి ఎక్కితే దాన్ని తీయించడానికి ఆ 23 మంది ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో నాకు తెలుసు, సగం జీవితం ఆ ఆఫీసుల్లోనే గడిపినాను కాబట్టి.

ఏది పనిచేసింది

జూన్ మొదటి వారానికి నీళ్లు తూము దగ్గరి గుంటలోకి చేరినాయి, చెరువు అడుగంతా నెర్రెలు. నేలంతా కనిపిస్తోంది కాబట్టి నీళ్ల లోతు వేరే కొలిచే పని కూడా తప్పింది.

ఈసారి మొదట డ్రోన్ తీయలేదు, మరవ దగ్గరికి పోయినాం. ఎఫ్‌టీఎల్ అంటే సముద్ర మట్టం నించి ఇన్ని మీటర్లు అనే అంకె కాదు, మరవ తల ఎత్తు. నీళ్లు ఆ రాయి దాటితే పోతాయి, దాటకపోతే నిలుస్తాయి. పాత చెరువు రికార్డులో కూడా నిండు మట్టం 100.000 అని ఊహించిన లెవెలే రాసుంది. అందుకని సముద్ర మట్టాన్ని పక్కన పెట్టి మరవ రాతిని మా సున్నా చేసుకున్నాం. అక్కడా చిక్కే. 34 మీటర్లలో పాత రాతి తల 4 సెంటీమీటర్ల తేడాలో సమంగా ఉంది, మధ్యలో ఎప్పుడో రిపేరు చేసిన కాంక్రీటు ముక్క 12 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంది. ఏది నిండు మట్టం? 12 సెంటీమీటర్లంటే ఎగువన 30 మీటర్లు. ఇది సర్వేయర్ తేల్చే విషయం కాదని నాకు గట్టిగా అనిపించింది, రెండు లెవెళ్లూ రాసి ఇంజనీరు ముందు పెట్టినాం, ఆయన పాత రాతి తలనే ఖాయం చేసి సంతకం పెట్టినాడు.

మరవ నించి ఆటో లెవెల్‌తో (ఎత్తు తేడాలు చూసే దుర్బిణీ), పాత పద్ధతిలో, స్టాఫ్ అనే కొలకర్ర పట్టుకోని చెరువు పక్కగా ఎగువ వైపుకి పోయి తిరిగి వచ్చినాం. 2.6 కిలోమీటర్లు, రెండు రోజులు, మళ్లీ మరవకి వచ్చేసరికి తేడా 9 మిల్లీమీటర్లు. 1802లో బ్రిటిష్ సైనికాధికారి ల్యాంబ్టన్ మద్రాసులో బేస్‌లైన్ కొలిచి దేశాన్ని త్రికోణాలుగా కొలిచే సర్వే మొదలుపెట్టినప్పుడూ పని ఇట్లాంటిదే, ఒక నమ్మకమైన చోటు నించి బయల్దేరి, తప్పు ఎంతో తెలుసుకుంటా పోవడం.

జీసీపీలు 14, ఎగువన ఆరు, పక్కల్లో నాలుగు, చెరువు అడుగులో రెండు, కట్ట మీద రెండు. వాటితో కలవకుండా 9 చెక్ పాయింట్లు, వాటి కొలతలు ప్రాసెసింగ్ చేసే అమ్మాయికి ఇవ్వకుండా నా దగ్గరే పెట్టుకున్నాను. డ్రోన్ వరసలు నిలువూ అడ్డమూ, రెండు వేరే ఎత్తుల్లో, ఇంకో విడత కెమెరాని పక్కకి వంచి. వంచి తీసిన ఫోటోల వల్లే లెన్స్ వంపు నేల వంపు విడిపోతాయి, మొదటిసారి మాకు లోటైంది అదే. కంప దట్టంగా ఉన్న చోట డ్రోన్ ఎత్తులు అసలు నమ్మలేదు, ఇద్దరు కూలీలతో సందులు కొట్టించి రోవర్, స్టాఫ్‌తో నేల ఎత్తులు తీసినాం. ముళ్లు గుచ్చుకోని చేతులన్నీ రక్తాలు, కానీ అక్కడ వేరే దారి లేదు. అప్పుడు సొంత బేస్ పెట్టుకున్నాం, ఇప్పుడైతే సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ (CORS) స్టేషన్ల, అంటే ఎప్పుడూ నడిచే స్థిర జీపీఎస్ బేసుల, సిగ్నల్‌తో రోవర్ పని సులువవుతుంది, లెవెల్ పని మాత్రం అది తప్పించదు.

చెక్ పాయింట్లలో ఎత్తు తప్పు సగటున 4 సెంటీమీటర్లు వచ్చింది. మొదటి రిపోర్టులో 2 అని ఉన్నింది గుర్తుందా, ఈ 4 దానికంటే ఎన్నో రెట్లు మంచిది, ఎందుకంటే ఇది నిజమైన 4.

కొత్త గీత ప్రకారం 16 ఎకరాలు కాస్తా 1.8 ఎకరాలైంది. అది ముగ్గురి భూముల్లో, చెరువులోకి నీళ్లు తెచ్చే వంక ఒడ్డున. కానుగ చెట్టు పెద్దాయన కయ్యలో ఒక మూల నిజంగానే లోపలికి వచ్చింది, ఆయనకి చూపించినాను. గుర్తుల వెంబడి నడిచి చూసి, "ఇది సరే, ఆ మూల నేను ఏ పొద్దూ ఎయ్యను" అన్నాడు.

ఇంకో మార్పు చేసినాం, నా లెక్కలో ఈ పనిలో ముఖ్యమైంది ఇదే. మ్యాపు మీద సన్నటి గీత ఇవ్వలేదు. 4 సెంటీమీటర్ల సగటు తప్పంటే 8 దాకా పోవచ్చు, 250కి 1 వాలులో అది అటు 20, ఇటు 20 మీటర్లు. కాబట్టి ఎగువ వైపు గీత చుట్టూ 40 మీటర్ల పట్టీ గీసి, ఈ పట్టీలో ఎక్కడైనా ఉండొచ్చు, రాయి నాటే ముందు ఆ చోట లెవెల్ పెట్టి చూడాలి అని మ్యాపు మీదే రాసినాం. పని ఇచ్చిన ఆఫీసులో మొదట ఒప్పుకోలేదు, గీత కావాలి గానీ పట్టీ ఏంది అన్నారు. కట్ట వైపు పట్టీ అర మీటరు కూడా లేకపోవడం, ఎగువ వైపు వెడల్పవడం ఒకే కాగితం మీద చూపించినాక వాలు సంగతి వాళ్లకే అర్థమైంది, ఒప్పుకున్నారు.

డ్రోన్ పని చేసే తమ్ముళ్లకి ఒకటి చెప్తాను. నీళ్లున్న చెరువు మీద ఎగరేస్తే, మ్యాపు ఇచ్చే ముందు నీటి అంచు చుట్టూ ఎత్తులు తీసి చూడండి, అరగంట పని. నీళ్లు లేకపోతే ఆ ఏరియాలో చెరువు నిండినప్పటి సెంటినెల్ ఫోటో దించి మీ కాంటూర్ దాని మీద వేసి చూడండి. రెండూ కుదరకపోతే అక్కడ వయసు మళ్లినోళ్లని అడగండి, అడిగినాక నమ్మకపోయినా సరే, వాళ్లు చూపించిన చెట్టుకి మాత్రం రోవర్ పెట్టి కొలవండి.

మాండూస్ తర్వాత

2022 డిసెంబర్‌లో మాండూస్ తుఫాను వచ్చింది. చెరువు మళ్లీ మరవ పోయింది. ఎవరూ పిలవకపోయినా మేం పోయినాం. మరవ మీద నీళ్లు 6 సెంటీమీటర్ల మందాన పోతున్నాయి, అంటే ఎగువన అంచు మా గీతకి 15 మీటర్లు బయట ఉండాల. రోవర్‌తో నీటి అంచు వెంబడి కొలిచినాం, ఆ 15 తీసేస్తే ఒక చోట 4 మీటర్ల తేడా, ఇంకో చోట 11, రెండూ పట్టీ లోపలే. వంక చెరువులో కలిసే చోట మాత్రం 31 మీటర్లు తేలింది, పట్టీ దాటింది. అక్కడ మోడల్ తప్పు అనుకోడానికి లేదు, చెక్ పాయింట్ ఒకటి ఆ పక్కనే ఉంది. వంక నిండా పారుతున్నప్పుడు నీటి మట్టం అక్కడ చెరువు మట్టం కంటే ఎత్తుగా నిలుస్తుంది, మరవ ఎత్తుని అక్కడికి నేరుగా మోసుకుపోయి గీసిన గీత ఆ ముక్కకి సరిపోదు. ఆ మూడు కయ్యల దగ్గర రాళ్లు నాటొద్దని రాసిచ్చినాం, వంక పారుదల లెక్క వేరే కట్టాలి, దానికి ఎగువన రెండు కిలోమీటర్ల దాకా వంక అడుగు లెవెళ్లు తీయాలి. ఆ లెవెళ్లు ఇంకా తీయలేదు, ఆ మూడు కయ్యల్లో ఈ రోజుకీ రాయి పడలేదు.